ఎడమ భుజం అంగుళం దిగువ

యుద్ధం సంగతి ఎవరైనా ఎత్తితే చాలు, కుట్టుపిన్ని మెడలో వేలాడే టేపు తీసి చూపించేది. తనకి తెలిసింది ఆ టేపు పొడుగంతేననీ, అరవై అంగుళాలు దాటిన సంగతులు తనని అడగొద్దనీ చెప్పేది. ఎవరు గెలుస్తున్నారు, ఏ వంతెన కూలింది, ఏ పెద్దమనిషి ఎవరితో చేతులు కలిపాడు, ఇవన్నీ చెప్పడానికి టీవీలో టైలు కట్టుకున్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కదా, గొంతులు బొంగురుపోయేదాకా వాళ్ళనే చెప్పుకోనీ అని ఆవిడ ఉద్దేశం. ఆవిడ చెప్పేది ఒక్కటే. ఇవాళ దుకాణానికి ఎవరొచ్చారు, ఏం తెచ్చారు, ఎన్ని అంగుళాలు బిగించింది. అది వినడానికి ఎక్కడెక్కడివాళ్ళో నలభైవేలమంది పొద్దున్నే ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్ళంటే నమ్మండి, నమ్మకపోండి, మీ ఇష్టం.

నాలుగంతస్తుల మేడ కింద, మెట్ల పక్కన, ఒక్క గది దుకాణం ఆవిడది. వెనక ఇంకో గదిలో కాపురం. దుకాణానికి రెండు అద్దాల కిటికీలుండేవి. ఒకటి మొదటి వారంలోనే భళ్ళుమంది, అక్కడ చెక్క కొట్టారు. రెండోదాని పక్కకి మిషను జరుపుకుని ఆ వెలుతురులో కుట్టేది. కరెంటు మిషను మీద దుప్పటి కప్పేసి, అత్తగారి కాలం నాటి తొక్కుడు మిషనుకి నూనె వేసింది. కరెంటు పోయిన ఊళ్ళో ఆగకుండా నడిచిన యంత్రం అదొక్కటే అని చెప్పుకోవడం ఆవిడకి మహా ఇష్టం.

ఇంట్లో ఆవిడా, వదినగారూ ఇద్దరే. వదినగారంటే పోయిన మొగుడి అక్క. ముప్ఫయ్యేళ్ళు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరయిన మనిషి, డెబ్బయ్యో ఏడు నడుస్తోంది. ఇప్పటికీ ఫోనెత్తితే గొంతు మారిపోతుంది. ఇంట్లో మరదలి మీద కేకలేసే గొంతు వేరు, ఫోన్లో "దయచేసి లైన్లో ఉండండి" అనే గొంతు వేరు. ఇద్దరికీ క్షణం పడదు, క్షణం విడిచి ఉండనూ లేరు. నేలమాళిగలోకి దిగేటప్పుడు కూడా ఎవరి దిండు ఎవరు తెచ్చారని తగువే.

యుద్ధం మొదలైన నెలకి మేడ సగం ఖాళీ అయింది. వెళ్ళినవాళ్ళు ఊరుకుంటారా, రోజూ ఫోన్లు. ఎలా ఉన్నారు పిన్నీ, మా తలుపు ఉందా పిన్నీ, పిల్లి కనబడిందా పిన్నీ. ఒకరికి చెప్పి పెట్టేసరికి ఇంకొకరు. ఫోను ఛార్జింగు కోసం మూడు వీధుల అవతలికి వెళ్ళి జనరేటరు దగ్గర వరసలో నిలబడాలి, వీళ్ళేమో పలకరింపులతోనే దాన్ని తాగేస్తున్నారు. ఒకరోజు వదినగారికి తిక్కరేగింది. "ఏమే మరదలా, ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా ఏకరువు పెట్టేబదులు అందరికీ కలిపి ఒకేసారి చెప్పెయ్యరాదూ" అంటూ ఫోను దారపుకండెల పెట్టెకి ఆనించి నిలబెట్టి, వీడియో తీసే ఎర్ర చుక్క నొక్కేసింది.

నొక్కానని మరదలితో చెప్పలేదు. పిన్ని తన ధోరణిలో తను ప్యాంటు కుట్లు విప్పుకుంటూ గొణుక్కుంటోంది. పొద్దుట్నుంచి ఇది ఐదోది. బ్యాంకాయన నడుం రెండంగుళాలు తగ్గింది. లెక్కల మాస్టారు మూడు. పై అంతస్తు డాక్టరుగారు పాపం ఇరవయ్యేళ్ళు ఒళ్ళు తగ్గాలని తంటాలు పడ్డాడు, ఇప్పుడు నాలుగంగుళాలు తగ్గితే ఒక్కళ్ళూ మెచ్చుకోవడం లేదని కుమిలిపోతున్నాడు. అలా ఆరు నిమిషాలు. వదినగారు దాన్ని ఉన్నదున్నట్టు లోకం మీదికి వదిలేసింది. సాయంత్రానికి ఆ ఊరు ఎక్కడుందో తెలియనివాళ్ళు కూడా డాక్టరుగారిని మెచ్చుకుంటూ రాశారు. ఆయన మెట్లు దిగివచ్చి అవన్నీ రెండుసార్లు చదివించుకుని మరీ వెళ్ళాడు.

అలా మొదలైంది. ఎలా ఉన్నారంటే ఏం చెప్తారు ఎవరైనా? బాగున్నాం అంటే అబద్ధం, బాగాలేం అంటే విన్నవాళ్ళకి నిద్రపట్టదు. అంగుళాల్లో చెప్తే రెండూ చెప్పినట్టే. ఎవరో ముసలావిడ మొగుడి చొక్కాలన్నీ తెచ్చి తనకి సరిపోయేలా చెయ్యమంది, మొగుడేమయ్యాడని పిన్ని అడగలేదు, కుట్టి ఇచ్చింది. ఇంకో ఆవిడ కోటు లోపల కాగితాలకొక జేబు, మందులకొక జేబు, కుక్కపిల్లకొక జేబు కావాలంది. ఆడవాళ్ళందరూ పడుకునే బట్టలకి గిరాకీ పెంచారు. సైరను మోగితే ఉన్నపళాన నలుగురిలోకి పరిగెత్తాలి కదా, ఆ నలుగురి ముందు చిరుగుల గౌనుతో ఎలా కూర్చోవడం? ఇవన్నీ పిన్ని మిషను తొక్కుతూ చెప్పేది, వదినగారు ఫోను పట్టుకుని మధ్యమధ్యన దిద్దేది. చివర్న పిన్ని ఆ రోజు మొత్తం ఎన్ని అంగుళాలు బిగించిందో చెప్పి ముగించేది.

అంగుళాల దగ్గర మాత్రం ఆవిడ మహా పట్టుదల మనిషి. ఒకసారి మూడని చెప్పింది, రాత్రి పడుకున్నాక అది రెండున్నర అని గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్నే మొట్టమొదట చెప్పిన మాట అదే. నిన్న అరంగుళం తప్పు చెప్పాను, క్షమించండి అని. వదినగారు నవ్వింది, అరంగుళానికెవడు ఏడ్చాడే అని. పిన్ని నవ్వలేదు. దూరాన కూర్చుని ఈ ఫోన్లో తన మొహం చూసి ఊరి సంగతి తెలుసుకునేవాళ్ళకి ఒక్క అరంగుళం తేడా చెప్పినా మిగతావన్నీ చెడ్డట్టే అంది.

ఎందుకంత పట్టుదలంటే, నమ్మనివాళ్ళూ ఉన్నారు మరి. మెత్తని కుర్చీలో వెచ్చగా కూర్చుని, యుద్ధంలో ఉన్నవాళ్ళు ఇలా నవ్వరు, ఇదంతా నాటకం అని రాసే ప్రబుద్ధులకి ఎక్కడా కరువు లేదు. వాళ్ళ చేతికి ఒక గుండుసూది ఇచ్చి, సైరను మోగుతుండగా దారం ఎక్కించమంటే తెలుస్తుంది. సూదికి కన్నం ఎక్కడుందో, గుండుసూదికి అసలు ఉండదని కూడా తెలియని రకం. పిన్ని మాత్రం కోప్పడలేదు. నవ్వడానికి మీ దగ్గర చీటీ తీసుకోవాలని తెలియదు నాయనా, ఈసారి నుంచి తీసుకుంటాను అని ఊరుకుంది.

ఈ కబుర్లు మొదలైన తొంభయ్యేడో రోజునో, తొంభయ్యెనిమిదో రోజునో, ఒక సందేశం వచ్చింది. రాసింది ఒక ఆడపిల్ల. మొగుడితో పాటు యుద్ధం మూడోవారంలోనే ఊరు వదిలి వెళ్ళినది. పిన్నీ, మీ వెనక గోడకి మూడో కొక్కేనికి వేలాడుతున్న గోధుమరంగు కోటు మా నాన్నది అని రాసింది. రెండో గుండీ నేను కుట్టాను, నల్లదారం దొరక్క ఎర్రదారంతో కుట్టాను, చూడండి అంది. నాన్నతో మాటలేక నలభయ్యారు రోజులైంది. ఆయనుండే మేడకి దెబ్బ తగిలింది, అక్కడివాళ్ళు తలోదిక్కూ చెదిరిపోయారు, ఆస్పత్రి జాబితాల్లో పేరు లేదు. ఇంత రాసి, అడగాల్సిన మాట అడగలేక, ఆయన కోటు తీసుకెళ్ళడానికి వచ్చారా పిన్నీ అని ముగించింది.

పిన్ని లేచి మూడో కొక్కెం దగ్గరికి వెళ్ళింది. రెండో గుండీకి ఎర్రదారం. ఆ గోడకి ఏడు బట్టలు అలా తీసుకెళ్ళేవాళ్ళు లేక వేలాడుతున్నాయి. ఎందుకు రాలేదని ఆవిడ తనని తాను అడగదు, వదినగారిని అడగనివ్వదు. దుమ్ము దులిపి మళ్ళీ తగిలిస్తుంది, అంతే.

ఇక్కడో చిక్కుంది. పిన్ని చీటీల మీద పేర్లు రాయదు. ముప్ఫయ్యేళ్ళ అలవాటు. ఒకే పేరు పదిమందికుంటుంది, ఒకే నడుం, ఒకే భుజం ఏ ఇద్దరికీ ఉండవు అని ఆవిడ సిద్ధాంతం. కోటుకి గుచ్చిన చీటీ మీద గురువారం అని రాసుంది, లైనింగు అని రాసుంది, కింద కొలతలున్నాయి. ఛాతీ, నడుం, చెయ్యి పొడుగు, ఆఖర్న "ఎడమ భుజం అంగుళం దిగువ." ఊరు పేరు లేదు, ఇంటి నంబరు లేదు. వదినగారు నెత్తి కొట్టుకుంది. ఎక్స్‌ఛేంజిలో ఇలా రాసుకుంటే ఒక్క ఫోను కలిసేది కాదంది. పిన్నికి ఆయన మొహమే గుర్తుకి రావడం లేదు. ఎంత ఆలోచించినా భుజమే కళ్ళముందు కనబడుతోంది, దాని పైన మొహం ఉండాల్సినచోట ఏమీ లేదు.

కూతురికి ఫోన్లో చెప్పారు, కోటుంది, మనిషి ఇంకా రాలేదని. ఆ పిల్ల అటు ఊపిరి తీసుకోవడం వినబడింది. తరవాత భుజం గురించి తనే చెప్పింది. నాన్న వీధిదీపాల మేస్త్రీ. ముప్ఫయ్యారేళ్ళు నిచ్చెన ఎడమ భుజాన వేసుకుని ఊరంతా తిరిగాడు. రిటైరయ్యాక నిచ్చెన దిగింది గానీ భుజం మళ్ళీ పైకి లేవలేదు. ఇప్పటికీ వీధి మలుపు తిరగాలంటే నడిరోడ్డులోకి వెళ్ళి వెడల్పుగా తిరుగుతాడు, వెనక నిచ్చెన కొస ఎవరికో తగులుతుందన్నట్టు. చిన్నప్పుడు తనూ అలాగే తిరిగేదాన్నని, బళ్ళో పిల్లలు నవ్వేవారని చెప్పి తను నవ్వింది, ఆ నవ్వు కాస్తా మధ్యలో ఆగిపోయింది.

మర్నాటి పొద్దున్న పిన్ని అంగుళాల లెక్క చెప్పలేదు. కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊళ్ళో ఉన్నవాళ్ళందరికీ ఒక మాట అంది. ఇప్పుడు ఎవరింట్లో ఎవరు ఉంటున్నారో ఎవరికీ తెలియదు, పక్కవాడి పేరు మనకి తెలియదు, మన పేరు వాడికి తెలియదు. పేర్లు వదిలేద్దాం. నీళ్ళ దగ్గర, రొట్టెల దగ్గర వరసలో నిలబడినప్పుడు మీ ముందున్నాయన భుజాలు చూడండి. ఎడమది అంగుళం దిగి ఉంటే, మలుపు దగ్గర నడిరోడ్డులోంచి తిరిగితే, మీ కోటు పిన్ని దగ్గరుందని చెప్పండి. మనిషి కావాలి, కూతురు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది అని చెప్పి ఫోను ఆపమంది.

ఇక చూడాలి సంబరం. ఊరు ఊరంతా వీపులు చూడ్డం మొదలెట్టింది. మూడ్రోజుల్లో ముప్ఫయ్యొక్క ఫోటోలొచ్చాయి, అన్నీ వెనకనుంచి తీసినవే. వదినగారు కళ్ళద్దాలు పెట్టుకుని, దగ్గర స్కేలు పెట్టుకుని, ఒక్కొక్కటీ కొలిచింది. ఇది నీళ్ళ డబ్బా బరువు, భుజం కాదు. ఇది కుడి. ఇది ఎడమే గానీ మనిషికి పాతికేళ్ళుంటాయి. ఇదేమో ఫోటో అద్దంలో తీశాడు, ఎడమ కుడైంది, వీడికి బుద్ధుందా. ఒకాయన తన సొంత తమ్ముడి వీపు పంపించి, వీడు కాదని నాకు తెలుసు గానీ భుజం మాత్రం దిగింది, కారణం చెప్తారా అని అడిగాడు. ఆయనకి పిన్ని జవాబు పంపింది, సంచీ ఇంకో భుజానికి మార్చమనండి అని.

కొందరు సరాసరి దుకాణానికే వచ్చేశారు. నా భుజం చూడమ్మా, నేనేమో అని. వాళ్ళలో ఒక పెద్దాయన భుజాలు రెండూ కర్రపెట్టి గీసినంత తిన్నగా ఉన్నాయి. ఆ సంగతి ఆయనకి తెలియకపోదు. ఎవరైనా తనకోసం వెతుకుతున్నారేమో తెలుసుకుందామని వచ్చాడు, పాపం. పిన్ని తీరిగ్గా భుజాలు కొలిచింది, ఛాతీ కొలిచింది, చెయ్యి పొడుగు కొలిచింది, అన్నీ ఒక చీటీ మీద రాసి డబ్బాలో వేసింది. మీ కొలతలు నా దగ్గర ఉన్నాయి, ఎవరడిగినా చెప్తాను అంది. ఆయన రెండుసార్లు దండం పెట్టి వెళ్ళాడు. వదినగారు ఆ పూటంతా మరదలిని ఒక్క మాట అనలేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం రొట్టెల బండి నడిపే అమ్మాయి దొరకబుచ్చుకుంది. సంగీతం బడి పక్క మలుపులో బండి తిప్పుతుంటే, ఎవరో పెద్దమనిషి చేతిలో చిన్న సంచీ తప్ప ఏమీ లేకుండా నడిరోడ్డు దాకా వచ్చి ఇంత వెడల్పున తిరుగుతున్నాడట. బ్రేకు వెయ్యకపోతే బండి కింద పడేవాడే. ముందు నాలుగు తిట్టింది, తరవాత భుజం చూసింది. చూసి, బండి అక్కడే వదిలేసి, మీ కోటు పిన్ని దగ్గరుంది బాబాయ్ అంది. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. కోటుంటే ఉంటుంది, దానికి బ్రేకులేసి చెప్పాలా అన్నాడట.

బండిలో కూర్చోబెట్టుకుని సరాసరి తెచ్చేసింది. ఆయన దుకాణంలోకి అడుగుపెట్టగానే పిన్నికి మొహం గుర్తుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఏమైందో ఆ జ్ఞాపకం. సంగతేమిటంటే, మేడ మీద దెబ్బ పడ్డప్పుడు ఆయన నీళ్ళకి వెళ్ళాడు. ఫోను ఇంట్లో ఉండిపోయింది, కూతురి కొత్త నంబరు ఆ ఫోన్లోనే ఉండిపోయింది. అప్పట్నుంచి సంగీతం బడి నేలమాళిగలో అరవైమందితో ఉంటున్నాడు. పాత కారు బ్యాటరీలు పోగేసి అక్కడ దీపాలు వెలిగించే పని తనదే. కోటు కోసం ఒకసారి వచ్చాడు, ఆ పూట సైరనుకి తలుపు మూసుంది. సరేలే, ఈవిడ దగ్గరుంటే భద్రమే కదా అని వెళ్ళిపోయాడు. కూతురు తన కోసం ఇంత గాలించిందని ఇప్పుడే తెలిసింది.

వదినగారు ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగలేదు. దొరికారు, క్షేమం, గంటలో మాట్లాడతారు అని కూతురికి పంపేసింది. సందేశం వెళ్ళిందో లేదో నాలుగుసార్లు చూసుకుంది. వెంటనే మాట్లాడించెయ్యొచ్చు గదా, గంటెందుకు అంటారా? అది ఆయన అడిగిన గడువు.

పిన్ని కోటు తెచ్చి వేసింది. కోటు ఆయన్ని వేసుకున్నట్టుంది. భుజాలు మోచేతుల దాకా జారాయి, ముందు గుండీలు పెట్టి లోపల ఇంకో మనిషిని కూర్చోబెట్టొచ్చు. పిన్ని టేపు చుట్టింది, చదివింది, నమ్మలేక మళ్ళీ చుట్టింది. ఏడంగుళాలు. ఈ నూరు రోజుల్లో ఆవిడ టేపు ఎవరికీ చూపించని అంకె.

ఆయన కిందకి చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. వెళ్ళేటప్పుడు కూతురు ఒట్టు వేసి మరీ చెప్పిందట. నువ్వు తిండికి మాడుతున్నావని తెలిసిన రోజున నేను తిరిగి బస్సెక్కుతాను, ఎవరాపినా ఆగను అందట. మొండిపిల్ల, అన్నంత పనీ చేస్తుంది. "అమ్మా, ఈ కోటు నా ఒంటికి అతికినట్టు చేసిపెట్టు. ఎంత తగ్గానో మాత్రం నీ నోట రానివ్వకు. ఆ పిల్ల అక్కడే ఉండాలి" అన్నాడు.

పిన్ని వెంటనే ఒప్పుకోలేదు. అరంగుళానికి క్షమాపణ చెప్పిన మనిషాయె. అయినా ఎదురుగా తండ్రి, అవతల కడుపున పుట్టిన పిల్ల, మధ్యన బస్సు నడిచే రోడ్డు ఎలాంటిదో ఆవిడకి తెలుసు. అబద్ధం చెప్పను అన్నయ్యగారూ, నోరు మాత్రం విప్పను అంది. గంటలో ఆ కోటుని ఏం చేసిందో చూసినవాళ్ళు చెప్పాలి. పక్క కుట్లు విప్పింది, వీపు మధ్యన మడిచింది, ఎడమ భుజం కింద ఇంకో పొర దూది పెట్టింది, చేతులు ఎక్కించింది. తొక్కుడు మిషను అంత జోరుగా ఎన్నడూ నడవలేదు. ఆయన చేత గడ్డం గీయించి, తల దువ్వించి, కిటికీ పక్కన కూర్చోబెట్టారు. నిజం చెప్పాలంటే పెళ్ళికొడుకులా ఉన్నాడు. వీపున ఇంకా కొన్ని గుండుసూదులు మిగిలే ఉన్నాయి, ఆనుకోవద్దని గట్టిగా చెప్పింది.

వదినగారు ఫోను కలిపింది. కూతురి మొహం తెర నిండా వచ్చింది, కళ్ళూ ముక్కూ తప్ప ఏమీ కనబడనంత దగ్గరగా. నాన్నా అందా పిల్ల. తల్లీ అన్నాడాయన. తరవాత ఇద్దరూ ఒక్కసారే మొదలెట్టి ఎవరి మాటా ఎవరికీ అందకుండా మాట్లాడుకున్నారు. సంగీతం బడి, బ్యాటరీలు, రొట్టెల బండి, అక్కడి చలి, అల్లుడికి దొరికిన పని. నవ్వులే నవ్వులు. వదినగారు ముక్కు చీది, మధ్యలో అలవాటుకొద్దీ దయచేసి లైన్లో ఉండండి అంది.

అప్పుడా పిల్ల తండ్రినే పరీక్షగా చూసింది. చూసి, పిన్నిని పిలిచింది.

"పిన్నీ, కోటు బాగా కుట్టారు. మా నాన్న ఎన్నంగుళాలు తగ్గారు?"

కుట్టుపనివాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుంటే మాట్లాడక్కర్లేదు. పిన్ని గబగబా నాలుగు సూదులు తీసి నోట్లో పెట్టుకుంది. ఊఁ ఊఁ అంటూ ఏమీ లేని చోట కోటు చెయ్యి సర్దడం మొదలెట్టింది. వదినగారు కిటికీలోంచి ఏదో మహా విశేషం ఉన్నట్టు బయటికి చూసింది.

అవతల పిల్ల ఊరుకోలేదు. గొంతు మారింది. "పిన్నీ, టీవీలో ఒకడు ఊరు లేదన్నాడు, ఒకడు అంతా బాగుందన్నాడు. నేను ఎవర్నీ నమ్మలేదు. మీరు రెండున్నర అంటే రెండున్నర అనుకుని పడుకున్నాను. ఇన్నాళ్ళూ అలాగే పడుకున్నాను. మీరు కూడా దాచితే ఇంక నేను ఎవర్ని అడగను?"

పిన్ని మొహం కందిపోయింది. సూదులు తియ్యలేదు, కళ్ళు మాత్రం నిండుకొచ్చాయి. ఇచ్చిన మాట ఒకటి, నూరు రోజులు నిలబెట్టుకున్న మాట ఒకటి, రెండూ ఆవిడ నోట్లోనే గుచ్చుకుంటున్నాయి. పెద్దాయన ఆవిడ వంక చూశాడు. ముప్ఫయ్యారేళ్ళు నిచ్చెనెక్కి ఊరికి వెలుగిచ్చిన మనిషి, తనవల్ల ఒక ఇల్లాలు తల దించుకోవడం చూడలేకపోయాడు.

"ఏడు" అన్నాడు. "ఏడంగుళాలు తగ్గాను తల్లీ. ఆవిడ దాచలేదు, నేనే వద్దన్నాను. నువ్వు బస్సెక్కుతావని భయపడ్డాను. ఇప్పుడు ఎక్కితే నా మీద ఒట్టే."

ఇంక ఏడుస్తుంది, అరుస్తుంది అనుకుని ముగ్గురూ బిగదీసుకుని కూర్చున్నారు. ఆ పిల్ల ఏడవలేదు. బస్సెక్కలేను నాన్నా అంది. తనూ ఒకటి దాచాననీ, వెళ్ళేటప్పుడే తెలుసుననీ, చెప్తే రోడ్డుకి అడ్డంపడి పోనివ్వడనో, లేకపోతే వెంటపడి నడిచి వచ్చేస్తాడనో చెప్పలేదనీ అంది.

"నేను ఎనిమిదంగుళాలు పెరిగాను నాన్నా."

పెద్దాయనకి బోధపడలేదు. అమాయకంగా, అంత తిండి ఎక్కడ దొరుకుతోందమ్మా అని అడిగాడు. వదినగారికి ముందు తెలిసింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవతల ఫోను మెల్లిగా కిందకి దిగింది. మెడ, భుజాలు, చేతులు, ఆ చేతుల కింద గుండ్రంగా పొట్ట.

"తిండి కాదు నాన్నా. ఆరోనెల."

ఆయన నవ్వబోయాడు. నవ్వు నోటిదాకా వచ్చి అక్కడే వేరేదైపోయింది. కొత్తగా కుట్టిన కోటు భుజాలు అదరడం మొదలెట్టాయి, వీపున గుండుసూదులు గుచ్చుకున్నా ఆయనకి తెలియడం లేదు. పిన్ని వైపు తిరిగి, "అమ్మా, ఆ ఫోనుకి కాస్త చెయ్యి అడ్డం పెట్టు" అన్నాడు.

పిన్ని నోట్లోంచి సూదులు తీసి బల్ల మీద పెట్టింది. ఊళ్ళో జరిగినవన్నీ లోకానికి చూపించిన ఆ ఫోనుకి అరచెయ్యి నిండుగా కప్పి నిలబడింది. దుకాణంలో ఏడుపో నవ్వో తెలియని చప్పుడు. ఆవిడ అరచేతి కింద నుంచి ఆ పిల్ల గొంతు కంగారుగా వినబడింది.

"నాన్నా, ఏం కనబడటం లేదు. అంతా చీకటైపోయింది. ఉన్నావా?"

"ఉన్నానమ్మా" అన్నాడాయన. "ఉన్నాను."